తక్కువ ఖర్చుతో తెరమీది మాయ

1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రాన్ని చూసినవారికి అందులోని ద్వారకానగరం జ్ఞాపకం ఉండకపోదు. వరుసలు తీరిన మేడలు, వాటిలో మిణుకుమిణుకుమనే దీపాలు, మొత్తం ఒక మహానగరమే కన్నుల ముందు నిలుస్తుంది. ఆ నగరం వెలసినది మద్రాసులోని వాహినీ స్టూడియోలో, ఒక పెళ్ళిపందిరి పట్టేపాటి జాగాలో. సుమారు 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గల ఆ చోట 300 చిట్టి ఇళ్ళు నిలిపి, దీపాలు అమర్చి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వాటిని కెమేరా కంటితో పెద్దవిగా చేసి చూపినాడు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. దర్శకుడు కె. వి. రెడ్డి. ఆనాడు వారికి కంప్యూటరు లేదు. తీసినదానిని అప్పటికప్పుడు చూసుకునే వసతి అంతకన్నా లేదు. ఫిల్ము కడిగి వచ్చేదాకా ఫలితం తెలియదు. అందువల్ల తెరమీద ఏది, ఎక్కడినుంచి, ఎంతసేపు కనబడవలెనో వారు ముందుగానే తేల్చుకోక తప్పలేదు.

‘మాయాబజార్’ చౌకగా తీసిన చిత్రమేమీ కాదు. ఆ రోజులకు దానికయినది పెద్ద ఖర్చే. అయినప్పటికీ దానిని తీసిన పద్ధతిలో డబ్బు లేనివానికి పనికివచ్చే పాఠమొకటి ఉన్నది. తెరమీది మాయ చిత్రీకరణ ముగిసిన తరువాత పుట్టేది కాదు, చిత్రీకరణకు ముందే పుడుతుంది. తరువాత జరిగేది దాని పోషణ మాత్రమే.

ఈనాడు మన జేబులలో ఉన్న సెల్‌ఫోను ఆనాటి స్టూడియోకు లేని వసతులెన్నో కలిగి ఉన్నది. పాఠశాలలలో ఉపాధ్యాయులు పాఠాలను దృశ్యాలుగా తీస్తున్నారు. వార్షికోత్సవాలకు విద్యార్థులు చిట్టిచిత్రాలు కూర్చుతున్నారు. ఉత్సాహానికి కొదవ లేదు. కాని తీరా తెరమీద చూసుకునే సరికి మాట వినబడదు, రంగులు పొంతన కుదరవు, అతికించిన దృశ్యం అతికించినట్లే కనబడుతుంది. అప్పుడు పిల్లలు ‘మన దగ్గర డబ్బు లేదు గనుక ఇంతే’ అని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం అబద్ధం. అది ఒక పిల్లవాని మనస్సులో స్థిరపడిందంటే, ఒక కళ తనది కాదని అతడు జీవితాంతం అనుకునే ప్రమాదం ఉన్నది. దానిని తొలగించడమే ఈ వ్యాసానికి ఉద్దేశం.

చేతులు కాలక ముందే ఆకులు

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాము. చరిత్రపాఠం కోసం ఒక విద్యార్థి గోల్కొండ కోట ముందు నడుస్తున్నట్లు చూపవలెననుకున్నాము. అతనిని పాఠశాల గోడ ముందు నడిపించి చిత్రం తీశాము. తరువాత గోడను తొలగించి కోటను పెడదామనుకున్నాము. అయిదు సెకనుల దృశ్యం. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 125 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేములో ఆ పిల్లవాని అంచుల వెంబడి గీత గీసి గోడనుంచి వేరుచేయడానికి నాలుగు నిమిషాలు పట్టినదనుకుంటే, 500 నిమిషాలు. అనగా ఎనిమిది గంటల ఇరువది నిమిషాలు! అదే విద్యార్థి వెనుక ముందుగానే ఒక ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంటే ఆ పని అరగంటలో పూర్తయ్యేది. గుడ్డ కట్టడానికి పట్టే సమయం పది నిమిషాలు.

మనిషి రూపాన్ని తనంత తానే వేరుచేసే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు వచ్చిన మాట నిజమే. అవి శ్రమ చాలా తగ్గిస్తున్నవి. కాని ఎగిరే జుట్టు, ఊగే కొంగు, వేగంగా కదిలే చెయ్యి వచ్చిన చోట అవి తడబడుతున్నవి. అప్పుడు మళ్ళీ ఫ్రేముకొక గీత గీయక తప్పదు.

‘తరువాత సరిచేసుకుందాము’ అనే మాటకున్నంత ఖరీదు ఈ వృత్తిలో మరి దేనికీ లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి చిత్రీకరణకు ముందు ఒక నోటుపుస్తకంలో ప్రతి షాటుకూ చిన్న బొమ్మ గీసుకొని, పక్కన మూడు సంగతులు వ్రాసుకోవలె: కెమేరా కదులుతుందా, వెలుతురు ఏ వైపునుంచి వస్తున్నది, తరువాత దీనిలో ఏమి చేర్చబోతున్నాము. బొమ్మ అందంగా ఉండనక్కరలేదు. తరువాత ఆ జాబితాను మూడు భాగాలుగా విడదీయవలె. కథకు ప్రాణమయినవి, ఉంటే బాగుండేవి, ముచ్చటకోసం పెట్టుకున్నవి. మూడవ భాగాన్ని నిర్దయగా కొట్టివేస్తే మొదటి భాగానికి ఓపిక మిగులుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నారు గదా!

నాలుగు తలలు, పది తలలు

మాయాదృశ్యాల చరిత్రలో ఫ్రాన్సు దేశీయుడు జార్జి మెలియెస్ పేరు ముందుగా వస్తుంది. ఆయన వృత్తిచేత ఐంద్రజాలికుడు. 1896లో పారిస్ నగరపు వీథిలో చిత్రం తీస్తూండగా కెమేరా కొద్దిసేపు మొరాయించినదనీ, బాగుచేసి మళ్ళీ తిప్పి, తరువాత తెరమీద చూస్తే మనుషులతో పోతున్న బండి హఠాత్తుగా శవవాహనంగా మారిపోయినదనీ ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. కెమేరా కదలకుండా ఉండగా దాని ముందున్నది మారితే చూసేవారికి అది మాయ. ఈ సూత్రంతో ఆయన వందలకొద్దీ చిత్రాలు తీశాడు. 1898లో తీసిన ఒక చిన్న చిత్రంలో తన తలను తానే తీసి బల్లమీద పెడతాడు. మెడమీద మరొక తల మొలుస్తుంది. ఇలా నాలుగు తలలు!

ఆ పని ఎట్లా జరిగినది? కెమేరా ముందు కొంత భాగం నల్లగా ఉంచితే ఫిల్ముమీద ఆ చోట ఏమీ ముద్రపడదు. ఫిల్మును వెనుకకు తిప్పి, ఈసారి ఆ ఖాళీచోట మాత్రమే మరొక చిత్రం తీయవచ్చును. దీనినే మ్యాస్కు అంటారు. 1961లో వచ్చిన ‘సీతారామ కల్యాణం’లో నందమూరి తారక రామారావు రావణునిగా పది తలలతో కనిపించినది ఈ విధానం వల్లనే. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ మ్యాస్కులు మార్చుతూ మళ్ళీమళ్ళీ చిత్రం తీస్తూండగా నటుడు గంటల తరబడి కదలక నిలిచినాడు. ఎక్కడ ఒక్కసారి తప్పినా మొత్తం మొదటికి వస్తుంది.

ఈనాడు ఇది విద్యార్థులకు తొలిపాఠం కాదగినది. ఒకే విద్యార్థి గురువుగానూ శిష్యుడుగానూ ఒకే దృశ్యంలో కూర్చొని సంభాషించడం తీసుకుందాము. ఫోనును త్రిపాదిమీదనో, అది లేకపోతే ఇటుకల మధ్యనో కదలకుండా బిగించవలె. ఫోకసు, వెలుతురు స్వయంగా మారిపోకుండా తెరమీద వేలితో నొక్కిపట్టి తాళం వేయవలె. ముందుగా ఎవరూ లేని గదిని పది సెకనులు తీయవలె. తరువాత విద్యార్థి ఎడమ వైపు కూర్చొని శిష్యుని మాటలు చెప్పవలె. దుస్తులు మార్చుకొని కుడి వైపు కూర్చొని గురువు మాటలు చెప్పవలె. కంప్యూటరులో ఒక షాటును క్రిందిపొరగా, రెండవదానిని పైపొరగా పెట్టి, పైపొరలో సగభాగాన్ని మ్యాస్కుతో కప్పివేస్తే ఇద్దరూ ఒక్కచోట చేరతారు.

ఇందులో జాగ్రత్తలు రెండు. మధ్యగీతను ఎవరి చెయ్యీ, ఎవరి నీడా దాటరాదు. మబ్బులు కదిలే వేళ కిటికీ ప్రక్కన తీయరాదు. ఏలననగా రెండు షాటులకు మధ్య వెలుతురు మారితే అతుకు బయటపడుతుంది. ఖాళీగదిని ఎందుకు తీయమన్నానో పని మొదలుపెట్టిన తరువాత తెలిసివస్తుంది. ఏ వస్తువును మాయం చేయవలెనన్నా, ఏ మరకను కప్పవలెనన్నా ఆ పది సెకనులే ఆధారం.

ఆకుపచ్చ గుడ్డ రహస్యం

నేపథ్యాన్ని మార్చడానికి ఒకే రంగు తెరను వాడడం నేటిది కాదు. 1940లో వచ్చిన ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ అనే ఆంగ్లచిత్రంలో లారీ బట్లర్ నీలితెరను వాడి పేరు పొందినాడు. ఫిల్ము పోయి అంకెల కెమేరా వచ్చిన తరువాత ఆకుపచ్చకు ప్రాధాన్యం హెచ్చినది. దీనికి కారణమున్నది. సాధారణంగా కెమేరా కంటిలో ప్రతి నాలుగు గ్రాహకాలలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి ఉంటవి. అందుచేత ఆకుపచ్చను అది స్పష్టంగా పట్టుకుంటుంది. మానవుని చర్మపు రంగుకు ఆకుపచ్చ దూరమయినది కావడం మరొక సౌకర్యం.

బట్టల అంగడిలో దొరికే మెరుపులేని ముదురు పచ్చని నూలుగుడ్డ ఇందుకు చాలును. సిల్కు, సాటిన్ పనికిరావు. అవి మెరిసిన చోట తెల్లబడతవి. గుడ్డను ఇస్త్రీ చేసి, ముడతలు లేకుండా నాలుగు మూలలా లాగి కట్టవలె. మనిషికీ గుడ్డకూ మధ్య కనీసం ఆరడుగుల దూరం ఉండవలె. దగ్గరగా నిలబడితే గుడ్డమీది పచ్చదనం బుగ్గలమీద, భుజాలమీద పడి అంచులు పాచిపట్టినట్లు కనబడతవి. గుడ్డకు వెలుతురు అంతటా సమంగా ఉండవలె. స్టూడియో దీపాలు లేకపోతే ఉదయం వేళ వరండా నీడలో తీయవచ్చును. నటించే పిల్లలు చిలకపచ్చ లంగా, పచ్చగాజులు, పచ్చ రిబ్బను వేసుకొని రాకుండా ముందురోజే చెప్పి ఉంచవలె. లేకపోతే తెరమీద చేతి మణికట్టులోనుంచి గోల్కొండ కోట కనబడుతుంది!

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. చోటు మిగుల్చుకోవడం కోసం మామూలు ఫోనులు వెలుతురును ప్రతి బిందువుకూ వ్రాసుకుంటవిగాని, రంగును నాలుగు బిందువులకు ఒక్కసారి మాత్రమే వ్రాసుకుంటవి. కంటికి ఈ తేడా తెలియదు. పచ్చరంగును కత్తిరించే సాఫ్ట్‌వేరుకు మాత్రం తెలుస్తుంది. అంచులు రంపపు పళ్ళవలె కనబడడానికి కారణం ఇదే. ఉపాయం తేలిక. ఫోనులో 4కె పరిమాణంలో తీసి, చివరకు 1080 పరిమాణంలో తయారుచేస్తే నాలుగు బిందువులు కలిసి ఒకటవుతవి. రంగు ప్రతి బిందువుకూ సరిపోతుంది.

ఇంత చేసినా చాలామంది చిత్రాలు తేలిపోవడానికి కారణం గుడ్డ కాదు, సూర్యుడు. కోట చిత్రంలో ఎండ ఎడమనుంచి పడుతూ, పిల్లవాని ముఖంమీద కుడినుంచి పడితే, చూసేవానికి కారణం తెలియకపోయినా నమ్మకం పోతుంది. అందుచేత నేపథ్యచిత్రాన్ని ముందు ఎన్నుకొని, దానికి తగినట్లు మనిషిని నిలబెట్టవలె. కెమేరా ఎత్తు కూడా రెండింటిలో ఒకటే ఉండవలె.

చిన్న బొమ్మ, పెద్ద దృశ్యం

గోడ కూలడం, ఆనకట్ట తెగడం వంటివి చూపవలెనంటే మట్టితోనూ అట్టతోనూ చేసిన నమూనాలే చవక. కాని నమూనా కూలినప్పుడు అది బొమ్మేనని ఇట్టే తెలిసిపోతుంది. కారణం దాని వేగం. ఈ రహస్యం భౌతికశాస్త్రంలో ఉన్నది. 20 మీటర్ల ఎత్తునుంచి రాయి నేలను చేరడానికి సుమారు రెండు సెకనులు పడుతుంది. దానికి ఇరువదియైదవ వంతు, అంటే 80 సెంటీమీటర్ల నమూనానుంచి పడడానికి 0.4 సెకను చాలును. ఎత్తు 25 రెట్లు తగ్గితే కాలం అయిదు రెట్లు తగ్గినది. 25కు వర్గమూలం 5 గదా! కాబట్టి నమూనాను అయిదు రెట్లు వేగంగా తీసి, మామూలు వేగంతో చూపితే, అది నిజమైన గోడవలెనే బరువుగా కూలుతుంది.

మన ఫోనులలో చాలావాటికి సెకనుకు 120 ఫ్రేములు తీసే సౌకర్యమున్నది. దానిని సెకనుకు 24 చొప్పున చూపితే సరిగా అయిదు రెట్లు. కనుక మన నమూనా అసలుదానిలో ఇరువదియైదవ వంతుగా ఉండడం శ్రేష్ఠం. పదవ తరగతి విద్యార్థి ఈ లెక్క వేసి, నమూనా కట్టి, దృశ్యం తీసి చూసుకుంటే వర్గమూలం అతనికి ఇక ఎన్నడూ మరపునకు రాదు. ఒక్క హెచ్చరిక: నీటి బిందువు, నిప్పు నాలుక చిన్నవి కావు. చిట్టి ఇంటిమీద పెద్ద చినుకు పడితే గుట్టు రట్టవుతుంది. ఈ రెండింటినీ నమూనాలలో సాధ్యమయినంత తక్కువగా వాడవలె.

పొగ, వాన వంటివాటికి వేరొక ఉపాయమున్నది. నల్లగుడ్డ ముందు అగరువత్తి పొగను ప్రక్కవెలుతురులో తీయండి. కంప్యూటరులో ఆ షాటును పైపొరగా పెట్టి, పొరలు కలిపే విధానాలలో ‘స్క్రీన్’ అనేదానిని ఎన్నుకోండి. నలుపు అంటే లెక్కలో సున్న. సున్నను దేనికి కలిపినా అది మారదు. కాబట్టి నల్లగుడ్డ మాయమై పొగ ఒక్కటే మిగులుతుంది. కోట బురుజుపైనుంచి పొగ లేపవచ్చును, వంటింటి పాఠంలో ఆవిరి పుట్టించవచ్చును. అయితే ధూళి కావలెనని పిండిని గాలిలో చల్లి, దగ్గర దీపమో అగ్గిపుల్లో ఉంచరాదు. గాలిలో తేలే పిండి నిప్పు తగిలితే ప్రేలుతుంది. ఏ దృశ్యమూ ఒక పిల్లవాని చేతివేలికి సరితూగదు.

పగటివేళ వెన్నెల

రాత్రిపూట ఫోనుతో తీస్తే చిత్రమంతా ఇసుక చల్లినట్లు మచ్చలు పడుతుంది. అందుచేత రాత్రిదృశ్యాన్ని పగలే తీయడం మేలు. ‘మాయాబజార్’లోని పడవపాటలో బార్ట్లీ పగటివెలుతురులోనే వెన్నెల కురిపించినాడని సినీరంగంలో ప్రసిద్ధి. దీనికి ఆధారం మన కంటిలోనే ఉన్నది. మసక వెలుతురులో పనిచేసే కంటికణాలకు రంగులు తెలియవు. ఎరుపు నల్లబడుతుంది, నీలం మాత్రం కొంత ప్రకాశంగా తోస్తుంది. అందుకే వెన్నెల నీలంగా ఉన్నట్లు మనకు అనిపిస్తుంది.

సూర్యుడు నటుని వెనుక ఉండేటట్లు నిలబెట్టండి. జుట్టుమీద, భుజాలమీద పడే వెలుగుగీత వెన్నెలగా మారుతుంది. ఆకాశం ఫ్రేములో కనబడనీయకండి. అది ఒక్కటే గుట్టు బయటపెడుతుంది. వెలుతురు కొంత తగ్గించి తీయండి. కూర్పువేళ రంగుల గాఢతను సగానికి తగ్గించి, కొద్దిగా నీలం చేర్చి, మరికొంత చీకటి చేయండి. అంతా నల్లగా చేసివేయవద్దు. రాత్రి అంటే ఏమీ కనబడకపోవడం కాదు, కొంచెమే కనబడడం.

కూర్పు, శబ్దం, అక్షరం

మన చిత్రాల పేర్లపట్టికలో ఎడిటింగును ‘కూర్పు’ అని వ్రాసేవారు. ఎంత చక్కని మాట! పూలు కూర్చేవాడు ముందు వాడిన పూలను ఏరివేస్తాడు. ఇక్కడ కూడా మొదటి పని ఏరివేతే. తీసిన రోజునే షాటులన్నీ చూసి, పనికివచ్చేవాటికి పేర్లు పెట్టి, వేర్వేరు సంచికలలో భద్రపరచవలె. ప్రతిదానికీ మూడు నకళ్ళు ఉండడం మంచిది. అందులో ఒకటి మరొక ఇంట ఉండవలె. కంప్యూటరు మందకొడిగా నడుస్తుంటే పెద్ద షాటులకు చిన్న నకళ్ళు చేసి వాటితో కూర్చి, చివరకు అసలువాటిని ప్రవేశపెట్టే వసతి నేటి సాఫ్ట్‌వేరులలో ఉన్నది. దీనిని ప్రాక్సీ అంటారు. పాత కంప్యూటరే కదా అని నిరాశపడే పాఠశాలలకు ఇది గొప్ప వరం.

శబ్దం సంగతి. బొమ్మ కొంచెం మసకయినా ప్రేక్షకుడు సహిస్తాడుగాని మాట వినబడకపోతే లేచిపోతాడు. చౌక అయిన మైకు రెండవ ఫోను. దానిని మాట్లాడేవాని జేబులోనో, ఫ్రేముకు వెలుపల అతనికి అడుగు దూరంలోనో ఉంచి శబ్దాన్ని గ్రహించవలె. ఆరుబయట, ఎనిమిది అడుగుల దూరం ఒక అడుగయితే చేరే శబ్దశక్తి 64 రెట్లు పెరుగుతుంది. ఏ ఖరీదయిన పరికరమూ ఈ లాభాన్ని ఇవ్వలేదు. షాటు మొదట ఒకసారి చప్పట్లు కొడితే, కూర్పువేళ ఆ చప్పుడును బట్టి బొమ్మనూ మాటనూ కలపవచ్చును. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ‘నిశ్శబ్దం’ కూడా పట్టుకోండి. మాటలమధ్య ఖాళీలను నింపడానికి అదే మసాలా.

ఫోనులు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు. పొడుగాటి షాటులలో పెదవి ఒక చోట, మాట ఒక చోట అవడానికి కారణం ఇదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాధనంతో ముందుగా స్థిరవేగానికి మార్చుకుంటే ఆ బాధ ఉండదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కనుక దీపాల క్రింద తీసేటప్పుడు షట్టరు వేగం 50వ వంతు గాని, 100వ వంతు గాని ఉంచితే బొమ్మ మినుకుమినుకుమనదు.

తెలుగు అక్షరాలకు ప్రత్యేకంగా ఒక కష్టమున్నది. కొన్ని సాఫ్ట్‌వేరులలో ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదరిపోయి, ‘స్త్రీ’ అన్న మాట మూడు ముక్కలవుతుంది. భాష నేర్పే పాఠశాలనుంచి వెలువడే చిత్రంలో ఇది క్షమించరానిది. ఉపాయమేమనగా, పేర్లపట్టికను ఇంక్‌స్కేపులోనో గింపులోనో బొమ్మగా తయారుచేసి, పారదర్శకమయిన నేపథ్యంతో భద్రపరచి, కూర్పులో పైపొరగా పెట్టడం. మండలి, గిడుగు, రామరాజ, పెద్దన వంటి అందమయిన తెలుగు ఖతులు ఉచితంగా లభిస్తున్నవి.

సాధనాలు, సాధకులు

సాధనాలకు డబ్బు పెట్టవలసిన అవసరం ఈనాడు దాదాపు లేదు. సాధారణ కంప్యూటరులో కూర్పుకు కేడెన్‌లైవ్, షాట్‌కట్ ఉన్నవి. శబ్దానికి ఆడాసిటీ. కొంచెం శక్తిగల కంప్యూటరు ఉంటే రంగుల సవరణకు డావిన్సీ రిసాల్వ్ ఉచితప్రతి ఉన్నది. త్రిమితీయ రూపకల్పనకు, మాయాదృశ్యాలకు బ్లెండర్. ఈ బ్లెండర్ కథ వినదగినది. దానిని తయారుచేసిన సంస్థ మూతబడగా, 2002లో ప్రపంచంలో పలుచోట్లనుంచి దాని అభిమానులు చందాలు వేసుకొని, ఏడు వారాలలో లక్ష యూరోలు ప్రోగుచేసి దానిని అందరి సొత్తు చేశారు. ఆ సాధనంతోనే లాట్వియా దేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ అనే యానిమేషన్ చిత్రం తీశాడు. అది 2025లో ఆస్కారు బహుమతి గెలుచుకున్నది.

ఇటువంటి ఉదాహరణలు మరి రెండు. 2010లో వచ్చిన ‘మాన్‌స్టర్స్’ చిత్రానికి దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్ సుమారు 250 మాయాదృశ్యాలను తానే, అంగడిలో ఎవరికయినా దొరికే సాఫ్ట్‌వేరుతో తయారుచేశాడు. జపానులో 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చిత్రంలోని 610 మాయాదృశ్యాలను తయారుచేసినవారు 35 మంది కళాకారులు. 2024లో వారికి ఆస్కారు లభించినది. దాని దర్శకుడు తకాషి యమజాకి మాయాదృశ్యాలకు కూడా తానే పర్యవేక్షకుడు. దృశ్యాన్ని ఊహించేవాడూ, దానిని తయారుచేయించేవాడూ ఒక్కడే అయినప్పుడు తీసినదాని గురించి సందేహాలు ఉండవు, పారవేయవలసినవీ తక్కువ. పాఠశాలలో చిత్రం తీసే పదిమంది పిల్లలకు ఈ సౌకర్యం పుట్టుకతోనే ఉన్నది. వారే కథకులు, వారే ఛాయాగ్రాహకులు, వారే కూర్పరులు.

ఈ విద్య ఎందుకు?

పరీక్షల ఒత్తిడిలో పిల్లలకు ఈ మాయలు నేర్పడమెందుకని కొందరు ఉపాధ్యాయులు అడగవచ్చును. న్యాయమయిన ప్రశ్నే. లెక్కలు, వెలుతురు, శబ్దం, భాష అన్నీ ఒక్క పనిలో కలిసివస్తవని ఒక జవాబు. అంతకన్నా గట్టి జవాబు మరొకటి ఉన్నది. ఈనాడు ఎవరి ముఖాన్నయినా ఎవరి శరీరానికయినా అతికించి, అనని మాటలను అన్నట్లు చూపడం క్షణాలలో పని అయినది. అటువంటి దృశ్యం ఒకటి ఊరిలో తిరిగితే స్నేహాలు చెడతవి, పరువులు పోతవి, కొట్లాటలు పుడతవి. పెద్దలు కూడా వాటిని నమ్మి మోసపోతున్నారు.

తన చేతులతో మ్యాస్కు కత్తిరించిన పిల్లవాడు అట్లా వెంటనే నమ్మడు. అతని చూపు మొదట అంచుల మీదికి పోతుంది. నీడ ఏ వైపు పడుతున్నదో చూస్తాడు. ముఖంమీది వెలుతురు, వెనుక గోడమీది వెలుతురు ఒకటేనా అని ఆలోచిస్తాడు. పెదవికీ మాటకూ పొత్తు కుదిరినదా అని వింటాడు. నేటి మోసాలలో కొన్ని ఈ పరీక్షలకు కూడా దొరకవు. అయినప్పటికీ ‘చూసినంత మాత్రాన నిజమని నమ్మను, ఎవరు తీశారో, ఎక్కడిదో తెలుసుకుంటాను’ అనే అలవాటు అతనికి అబ్బుతుంది. అది ఉపన్యాసాలవల్ల వచ్చేది కాదు.

ఆ అలవాటుతోపాటు మర్యాద కూడా నేర్పవలె. తోటి విద్యార్థి ముఖాన్ని అతని అనుమతి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాడరాదు. ఇతరుల పాటను అడగకుండా నేపథ్యంలో పెట్టుకోరాదు. తరగతిలో మృదంగం వాయించే పిల్లవాడు, పాడే పిల్ల ఉండనే ఉంటారు. విజ్ఞానపాఠంలో కల్పించిన దృశ్యమేదయినా ఉంటే ‘ఇది కల్పన’ అని తెరమీద వ్రాయవలె. నమూనా గోడ కూలినప్పుడు ఎట్లా తీశామో చివర అర నిమిషం చూపితే చూసేవారికి మాయకన్న ఆ అర నిమిషమే ఎక్కువ నచ్చుతుంది.

మొదలుపెట్టడానికి పెద్ద సన్నాహమేమీ అక్కరలేదు. వచ్చే శనివారం మధ్యాహ్నం ఒక గది, ఒక ఫోను, నాలుగు ఇటుకలు, ఒక నోటుపుస్తకం చాలును. పుస్తకంలో మూడు బొమ్మలు గీయించండి. ఖాళీగదిని పది సెకనులు తీయించండి. ఆ తరువాత తరగతిలో అందరికన్నా తక్కువ మాట్లాడే పిల్లవానిని పిలిచి ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి కూర్చోబెట్టండి. తెరమీద తనను తానే ప్రశ్నించుకుంటూ, తనకు తానే జవాబు చెప్పుకుంటూ ఉన్న ఆ పిల్లవానికి, ఈ పని డబ్బున్నవారిది మాత్రమేనని ఇక ఎవరు చెప్పినా తలకెక్కదు.